ఉచ్చ డాక్టరుగారు

డాక్టరుగారికి ఉన్నది ఒక్కటే అలవాటు. ఉచ్చని ఉచ్చ అనేవారు. అదీ గుసగుసగా కాదు, కింద వాకిట్లో స్కూటరు దిగుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూసేలా.

మూత్రం, ప్రోస్టేటు, కిడ్నీల జబ్బులకి కొత్త మందులు పనిచేస్తాయో లేదో రోగుల మీద జాగ్రత్తగా పరీక్షించి తేల్చే విభాగం ఆయనది. బోర్డు మీదున్న పొడుగాటి పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. "ఉచ్చ డాక్టరుగారు ఎక్కడండీ?" అనే అడిగేవారు. ఆయన కూడా "ఇదిగో, నేనే!" అని గర్వంగా చెయ్యెత్తేవారు.

ఇదంతా వింటూ సిగ్గుతో చితికిపోయేది నర్సమ్మ. ఆవిడకి ఆ మాట నోట రాదు.

"తాతగారూ, ఒంటికి వెళ్ళొచ్చారా?" అని అడిగేది.

"ఒంటికేమిటమ్మా, ఒంటికి? నూనె రాస్తావా?" లోపల్నుంచి అరుపు. "ఉచ్చ అను!"

అన్లేదు. కొత్త మందు మొదలుపెట్టిన ఒకాయన్ని, నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అని అడిగింది.

"ఏం రావడమమ్మా, సన్నగా వచ్చేవి. మొన్న మోటారు పెట్టించాం. ఇప్పుడు మేడ మీదికి కూడా ఎక్కుతున్నాయి" అన్నాడాయన.

ఆవిడ తల వంచుకుని ఉన్నదున్నట్టు రాసేసింది. అది చదివిన డాక్టరుగారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు.

"మోటారా! ఎక్కడ పెట్టించాడు? నన్నడక్కుండా ఎవడు పెట్టాడు?"

నవ్వులయ్యాక మాత్రం గట్టిగానే చెప్పారు. "పనిచెయ్యని మందుని పనిచేసిందని రాస్తే, రేపు ఊరంతా మింగుతుందమ్మా. నిజం చెప్పించకుండా ఎవర్నీ ఈ గుమ్మం దాటనివ్వను."

అన్నట్టే దాటనిచ్చేవారు కాదు.

ఒకరోజు రిటైరైన హెడ్మాస్టరుగారు కోడల్ని తోడు తీసుకుని వచ్చారు. చొక్కా ఇస్త్రీ మడత నలగనివ్వని మనిషి. ఆయనా కొత్త మందు వాడుతున్నవారే.

"ఎలా ఉందండీ?" అని అడిగింది నర్సమ్మ.

"సంతృప్తికరంగా ఉంది."

మొహం మీద చెమటలు కారిపోతున్నాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. లోపలికి పిలిచి పొట్ట చూపించమని డాక్టరుగారు అడిగితే "అవసరం లేదు, మాత్రలు ఇప్పించండి, వెళ్తాం" అని చొక్కా కిందికి లాక్కున్నారు. నర్సమ్మకి అనుమానం వచ్చింది. లోపల మూత్రం బిగిసిపోయి ఉంటే కిడ్నీలు దక్కవు. పైగా ఆ మాత్రలే మళ్ళీ వేసుకుంటానంటున్నారీయన.

హెడ్మాస్టరుగారు హాల్లోకి వచ్చేశారు. వెనకాలే డాక్టరుగారూ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"మేష్టారూ! ఉచ్చ వస్తోందా, రావట్లేదా? ఒక్క ముక్కలో చెప్పండి!"

హాలంతా గొల్లుమంది. "ఇదేం మనిషి బాబూ!" అంటూ కోడలు చెవులు మూసుకుని మెట్ల దాకా పరిగెత్తింది. అందరూ డాక్టరుగారినే చూసి పడీపడీ నవ్వుతున్నారు. హెడ్మాస్టరుగారి వంక చూసేవాళ్ళే లేరు. ఆ సందడిలో ఆయన మెల్లిగా నర్సమ్మ వైపు వంగారు.

"నిన్నట్నుంచీ చుక్క పడలేదు తల్లీ. కోడలి ముందు ఎలా చెప్పను?"

అంతే, లోపలికి తీసుకెళ్ళి గొట్టం వేశారు. పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టు "హమ్మయ్యా!" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆ మందు ఆయనకి అక్కడితో ఆపేశారు. కిడ్నీలకి ఢోకా లేదని రక్తపరీక్షలో తేలింది.

చేతులు కడుక్కుంటున్న డాక్టరుగారి చెవులు మంకెనపువ్వుల్లా ఎర్రబడి ఉన్నాయి.

"జ్వరం గానీ వచ్చిందాండీ?" అంది నర్సమ్మ.

"జ్వరం కాదమ్మా, సిగ్గు." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఆ మాట అన్నప్పుడల్లా ఇంతే. ఇంట్లో నేనూ ఒంటికనే అంటాను."

"మరి ఇక్కడ ఆ అరుపులేమిటండీ?"

"జనం నన్ను చూసి నవ్వుకుంటుంటే, చెప్పుకోవాల్సినవాళ్ళు చాటుగా చెప్పుకుంటారు కదా."

నర్సమ్మ విసవిసా హాల్లోకి నడిచింది. గోడవార ఒక పెద్దాయన ఎవరి కంటా పడకుండా ముడుచుక్కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఉచ్చ సంగతి చెప్పుకోవాల్సినవాళ్ళు ఇటు రండీ!"

కిటికీ అద్దాలు అదిరాయి. హాలంతా ఆవిడని చూసి నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాపుకోలేక లేచి, ఆవిడ దగ్గరికి వచ్చాడు.

లోపల్నుంచి డాక్టరుగారు తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చారు.

"మెల్లిగా తల్లీ, మెల్లిగా! పక్కగదిలో మా అత్తగారున్నారు. చెవి మిషను ఇప్పుడే పెట్టుకున్నారు!"