అత్తమ్మ నూనె రాసిన తీగ

ఇనుము కనిపిస్తే మా అత్తమ్మ నూనె రాయకుండా ఉండలేకపోయేది. మామయ్య బొగ్గుబాయిలో పనిచేసిన రోజుల నుంచి ఆ అలవాటు. గొడ్డలి, పలుగు, తలుపు గడియ, చివరికి నా కుట్టుమిషను కూడా. క్రిస్మస్‌ ముందు ఇంటికి సున్నం వేసేటప్పుడైతే ఆమెను పట్టేవాళ్లే లేరు. మంచి మనిషి, ఆ చేతుల్ని తిట్టలేను. కానీ ఒక ఏడు ఆమె నూనె రాసిన తీగను మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను.

అరవైల చివర గోదావరిఖనిలో మా క్వార్టర్. మా ఆయన బాయిలో డ్రిల్లర్. ఆదివారం ప్రార్థన మందిరంలో తంబూర ఆయనది, మొదటి గొంతు నాది. బొగ్గుకు రంధ్రాలు వేసే మిషను మోతకు ఆయన చెవులు ఏడాదికేడాది మొద్దుబారాయి. ఆయన ముందే పసిగట్టాడు. పూర్తిగా వినబడకుండా పోయేలోపు శ్రుతిని కళ్లతో చూసే దారి వెతుక్కున్నాడు.

గోడకు పొడుగాటి చెక్కపెట్టె బిగించి, దాని మీద ఒక తీగ లాగాడు. నన్ను ఎదురుగా నిలబెట్టి షడ్జమం పట్టుకోమన్నాడు. పెట్టెకు చెవి ఆనించి, నా గొంతుకు కలిసేదాకా తీగ బిగించే బిరడ తిప్పాడు. పొయ్యి మీద కూర మాడుతోందని మొత్తుకున్నా వదల్లేదు. తరవాత తీగ కింద గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీశాడు. తీగ మొత్తంగా ఊగితే మధ్యలో ఉబ్బినట్టు ఒకే పొట్ట. సగంలో వేలు ఆనిస్తే రెండు పొట్టలు, అది పై షడ్జమం. మూడైతే పంచమం. ఐదైతే ఎవరూ మీటకుండానే తంబూరలో పలికే గాంధారం. నాకవి సొరకాయ నుంచి బెండకాయల దాకా వరసగా పేర్చినట్టు కనబడేవి. ఆ మాటంటే నవ్వేవాడు.

శ్రుతి చేసేటప్పుడు తీగ మీద మడిచిన కాగితం ముక్కలు పెట్టి, తంబూరను పెట్టెకు ఆనించి మీటేవాడు. శ్రుతి కలవగానే పొట్ట ఉన్నచోట కాగితం ఎగిరిపడేది. రెండు పొట్టలు కలిసేచోట కదలకుండా కూర్చునేది. చెవులు పూర్తిగా పోయాక కూడా ఆయన తంబూర తప్పు పలకలేదు. పనయ్యాక తీగ మీద వేలు ఆనించి కాసేపు నిలబడేవాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు.

ఆ క్రిస్మస్‌కు మందిరం అలంకరించడానికి నేను ముందే వెళ్లాను. ఇంట్లో ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆయన శ్రుతి చేసుకుని వచ్చాడు. బిరడలు ఎక్కువ తిప్పాల్సి వస్తే చలికి సడలాయనుకున్నాడట. తంబూర మీటగానే నాకు తేడా తెలిసింది. తీగలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలిసే ఉన్నాయి, కానీ శ్రుతి బాగా పైకెక్కింది, నా గొంతుకే అందదు. అయినా పాట ఎత్తుకున్నాను. చరణంలో ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. పైకి వెళ్లేసరికి నా గొంతు చీలింది. ఆయనకు మూసుకున్న నోళ్లు కనబడ్డాయి, నా మెడ నరాలు కనబడ్డాయి. తంబూర ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు.

ఇంటికొచ్చాక అత్తమ్మే చెప్పింది. సున్నం వేస్తుంటే తీగకు తుప్పు కనబడిందట. బొగ్గు గీతలకు సున్నం తగలకుండా జాగ్రత్తపడి, తీగ విప్పి, నూనెగుడ్డతో తుడిచి, మళ్లీ కట్టిందట. "వదులుండె బిడ్డా, మంచిగ గట్టిగ బిగించిన" అంది. పాపం, మెచ్చుకుంటామనుకుంది. గీతలు పోయినా టేపు పెట్టి కొలిచి మళ్లీ గీసుకునేవాళ్లం. ఆ బిగువును ఏం పెట్టి కొలుస్తాం?

నేను ఊరుకునే మనిషినా? ఆయన్ని రెక్క పట్టుకుని గోడ దగ్గర నిలబెట్టాను. తీగ మీద కాగితం పెట్టి, పెట్టెకు నోరు ఆనించి నా షడ్జమం పట్టుకున్నాను. బిరడ తిప్పమని సైగ చేశాను. తిప్పగా తిప్పగా కాగితం ఎగిరింది. ఇంక ఫికర్ లేదని నేను సంబరపడ్డాను. ఆయన కిందపడ్డ కాగితాన్ని ఏరుకుని చేతిలో పట్టుకున్నాడు.

"అప్పుడు నీ గొంతు విని బిగించిన. చెవులు పోయినంక గూడ ఆ తీగల నీ గొంతున్నదనుకున్న" అన్నాడు. "గిది కాగితం చెప్పిన మాట. నేను విన్నది కాదు."

తరవాత చాలా ఏళ్లు ఆ తీగతోనే శ్రుతి చేశాడు, నేను పాడాను, అందరూ బాగుందనేవారు. కానీ పనయ్యాక తీగ మీద వేలు ఆనించి నిలబడటం మాత్రం మళ్లీ ఎప్పుడూ చూడలేదు.