గుర్తు పెట్టని గింజ

మావయ్య పోయాడన్న ఫోన్ వచ్చేసరికి నేను స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. "మీ మావయ్య ఎల్లిపోనారే," అంది అత్తయ్య, అంతే. పాలు పొంగి మంట ఆరిపోయింది. ఊపిరితిత్తుల జబ్బు మనిషి, అనుకుంటున్న కబురే. అయినా ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన చెప్పాల్సిన కథ ఒకటి సగంలో ఆగిపోయి ఉంది మరి.

మావయ్య మా ఊరి చివర భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీలకు సరుకు బుక్ చేసేవాడు. బొంబాయి నుంచి వచ్చిన డ్రైవరెవరో జిరాక్సు తీసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి, ఒక ఆట నియమాలది, ఆయన చేతిలో పెట్టాడు. మీలో చాలామందికి ఈ ఆట తెలిసి ఉండదు. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోతారు. ఆదివారం మధ్యాహ్నాలు దేవేంద్ర నగర్‌లో ఆయన ఇంట్లో, కూలర్ హోరులో, అన్నయ్య సైనికుడు, నేను మాంత్రికురాలిని. కథ మావయ్యది.

మాంత్రికురాలి బతుకు తేలిక కాదు. కథలో తెల్లవారగానే, ఆ రోజుకి తలలో పట్టే నాలుగు మంత్రాలు ఏరుకోవాలి. ఒకసారి నోట పలికితే ఆ మంత్రం మనసులోంచి చెరిగిపోతుంది, మళ్ళీ మర్నాడు చదువుకోవాల్సిందే. పుస్తకంలో దానికి పెద్ద పెద్ద పట్టికలున్నాయి. మావయ్య అవన్నీ పక్కన పడేసి, వంటింట్లోంచి చింతగింజలు తెచ్చాడు. ఒక్కో గింజ మీద సుద్దతో గుర్తు: ఇది మంట, ఇది నిద్ర, ఇది వెలుగు. మంత్రం పలకగానే గింజ టక్కుమని రేకు డబ్బాలో పడేది.

నేనేమో అన్నీ మంటలే ఏరుకునేదాన్ని. ఒకసారి కథలో పాడుబడ్డ బావిలో ఒక పిల్ల పడిపోయింది. లోపలంతా చీకటి.

"మంటేస్తే పిల్లగుంట కాలిపోద్దే. మరేటి సేత్తావు?" అన్నాడు మావయ్య.

నా మొహం ఇంత చిన్నదైపోయింది. అన్నయ్యే తాడు కట్టుకుని దిగాల్సి వచ్చింది. ఆ రోజే మావయ్య పుస్తకంలో లేని నియమం ఒకటి పెట్టాడు. "ఒక గింజకి గుర్తెట్టకు, ఒగ్గీ. లారీలో మాల్ కట్టినప్పుడు మేం ఓ మూల జాగా ఒగ్గెయ్యమా? దార్లో ఎవులు సెయ్యెత్తుతారో పొద్దున్నే తెలుస్తాదేటి?" ఆ గింజతో ఏ మంత్రం అవసరమైతే అది అప్పటికప్పుడు పలకొచ్చు.

అత్తయ్యకు ఈ ఆటంటే గిట్టేది కాదు. బల్లంతా సుద్దపొడి అని సణుక్కుంటూ టీ పెట్టి వెళ్ళిపోయేది. "ఏమే, నువ్వూ కూకో," అనేవాడు మావయ్య. "నీ మంత్రాలు వంట సేస్తాయేటి?" అనేది. ఎప్పుడూ కూర్చోలేదు.

తర్వాత అన్నయ్య ఉద్యోగానికి నాగపూర్ వెళ్ళాడు, ఆట ఆగిపోయింది. అప్పటికి కథలో నేను ఒక రాతి తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాను. లోపల ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు. ఎవరు మావయ్యా అని ఎన్నిసార్లు అడిగినా "మీ అన్న రానీ" అనేవాడు. అన్నయ్య వచ్చినప్పుడు పెళ్ళిళ్ళూ పనులూ ఉండేవి.

పోయిన చలికాలం నుంచి మావయ్యకు ఊపిరి చాలక మాట కరువైంది. గట్టిగా నాలుగు మాటలంటే దగ్గు ముంచుకొచ్చేది. మాటలు తగ్గించమన్నాడు డాక్టరు. అప్పుడు ఆయన రేకు డబ్బా తీయించాడు. పొద్దున్నే మంచం పక్క స్టూలు మీద గింజలు పేర్చుకునేవాడు, ఆ రోజు మాట్లాడబోయే మాటల లెక్కకి. డాక్టరుకి ఒకటి, ఆఫీసు వాళ్ళొస్తే ఒకటి, అన్నయ్య ఫోన్‌కి ఒకటి. చివర్న గుర్తు పెట్టనిది. అవి అయిపోతే ఇక పెదవులు మూసుకుని కళ్ళతోనే నవ్వేవాడు.

"బతికున్న మనిసి మాటలు కూడా గింజల లెక్కనేటే!" అని అత్తయ్య నా దగ్గర విసుక్కుంది. ఆ విసుగు వెనకున్నది నాకు తెలుసు. ఆ వరసలో ఆమెకు గింజ లేదు. నీళ్ళు, కిటికీ, దిండు, అన్నీ సైగలే. చెప్పకుండానే అర్థం చేసుకునే మనిషి కదా అని ఆయన ధీమా. ఆమెకేమో ఒక్క మాట కావాలి.

నాకూ కావాలి. చివరిసారి వెళ్ళినప్పుడు గుర్తు పెట్టని గింజ చూపించి, "మావయ్యా, తలుపు వెనక ఎవరు?" అని అడిగాను. ఆయన నవ్వి, దాని మీద అరచెయ్యి మూశాడు. నాకు మనసు చివుక్కుమంది. చెప్పకుండానే పోతాడా అనుకుంటూ ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఆ ఫోన్.

నేను వెళ్ళేసరికి అత్తయ్య వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది.

"నాను కుళాయి కాడున్నానే. పేరెట్టి పిలిసినారు," అంది. "పెళ్ళైన కాడ్నుంచి 'ఏమే' తప్ప నా పేరు ఆ నోటంట ఇన్లేదు. మల్లీ పిలిసినారు."

"తర్వాత ఏమన్నాడు?"

"ఏటీ లేదు. పేరే. నానెళ్ళేసరికి ఆ గుర్తెట్టని గింజ డబ్బాలో ఏసేసినారు."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. కోపం ఎటు పోయిందో తెలియదు. నా కథ పోతే పోయింది, ఆయన ఆ గింజను సరైన మనిషి కోసం దాచాడు. మంత్రాలు ఏరుకోవడం నాకు నేర్పిన మనిషి ఆయన, నేను ఇప్పటికీ సరిగా నేర్చుకోలేదు.

కర్మ అయ్యాక వచ్చిన ఆదివారం అన్నయ్య ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. అత్తయ్య రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, మావయ్య కుర్చీ పక్క కుర్చీలో కూర్చుంది.

"నాకూ ఒకటియ్యండి. గుర్తెట్టకండి," అంది. "తలుపు కాడ ఆగినారు కదా. అన్నీ ఇన్నాను వంటింట్లోంచి. తియ్యండి మరి."

ఈసారి కథ అన్నయ్య మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకుంది, కథ చాలా దూరం వెళ్ళింది. అత్తయ్య తన గింజ వాడలేదు. మధ్యలో టీ పోయడానికి లేచినప్పుడు కూడా కుడి పిడికిలి విప్పలేదు, ఎడమ చేత్తోనే పోసింది.