కండక్టరమ్మ మౌనం

వీధి హాలు మెట్ల మీద ముందు గొంతు వినిపిస్తుంది, మనిషి ఆ తర్వాత వస్తుంది. "జరగండి, జరగండి, ముందంతా ఖాళీయే!" ఉద్యోగం మానేసి ఏళ్లయినా కండక్టరమ్మ నాలుక ఇంకా బస్సు దిగలేదు. టికెట్ల సంచి లేకపోయినా ఆ భుజం కాస్త వాలే ఉంటుంది. పక్క ఊరి బజారులో ఎవడో కాల్పులు జరిపి జనాన్ని చంపాక, అలాంటిది తమ ఊళ్లోనూ జరిగితే బాధితుల ఇళ్లవాళ్లకు తోడుండటం ఎలాగో ఈ హాల్లో నేర్పుతున్నారు. అందరికన్నా ముందు పేరిచ్చింది ఆవిడే, అందరికన్నా వెనకబడిందీ ఆవిడే. శిక్షకురాలు తల్లి వేషం కట్టి "నా కొడుకు బతికున్నాడా?" అనగానే, "నిక్షేపంగా ఉంటాడు, నాది పూచీ!" అని గుండె చరుచుకునేది. "తెలియనిదానికి మాటివ్వకూడదు పెద్దమ్మా. ఇంకోసారి తప్పితే మిమ్మల్ని మంచినీళ్లు అందించే పనిలో పెడతాను," అంది శిక్షకురాలు. ఆవిడ మొహం చివరి బస్సు తప్పిపోయినవాళ్ల మొహంలా అయిపోయింది.

ఇవాళ మళ్లీ అదే ప్రశ్న. కండక్టరమ్మ నోరు తెరిచి, గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. పూచీ మాట గొంతులో అటూ ఇటూ కదలడం అందరికీ కనిపించింది. చివరికి, వాన వెలిశాక చూరు నుంచి జారే చుక్కలా, "నాకు తెలీదమ్మా. తెలిసేదాకా నీ పక్కనే ఉంటాను," అంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. హాల్లో ఫ్యాను చప్పుడు మొదటిసారి వినబడింది. శిక్షకురాలు వేషం మరిచిపోయి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నెగ్గారు పెద్దమ్మా!"

"నెగ్గాను సరే. ఇంత కష్టపడి నేర్చుకున్నది ఎన్నడూ అక్కరకు రాకూడదని దండం పెట్టుకో అమ్మాయ్."