బొట్టు కింద నంబరు

ఒడిశాలోని ఛత్రపూర్ కోర్టు ఎదురుగా మా టైపు దుకాణం. నాన్నదీ, నాదీ. ఆయన ఒడియా అర్జీలు కొడతాడు, మిగతావన్నీ నేను. తాతదాకా అందరూ చమఖండిలో వలలు లాగినవాళ్లే. నాన్న ఒక్కడే బరంపురం వెళ్లి టైపు నేర్చుకున్నాడు. సముద్రాన్ని వదిలాడు గానీ పడవ అలవాట్లు వదల్లేదు.

పడవ ముక్కు మీద, నంబరు రాసిన చోట, పసుపూ కుంకుమా పెట్టందే మావాళ్లు నీళ్లలోకి దించరు. దుకాణానికి కంప్యూటర్ వచ్చినప్పుడు నాన్న దాని పెట్టెను నాలుగువైపులా తిప్పి, పక్కన అంటించిన నంబరు కాగితాన్ని కనిపెట్టాడు. ఇక ప్రతి విశ్వకర్మ పూజకీ దానిమీద గంధం, కుంకుమ. మర్నాడు తడిగుడ్డతో తుడవడం. ఏళ్ల తరబడి ఇదే వరుస. నేను చూస్తూ ఊరుకున్నాను, కాబట్టి తప్పులో సగం నాదే.

హార్డ్ డిస్క్ పోయినప్పుడు సంగతి బయటపడింది. పెట్టెను బరంపురం తీసుకెళ్లాను. పాత అర్జీలు పెన్ డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ధీమాగానే ఉన్నాను. కొత్త డిస్క్‌లో విండోస్ ఎక్కించాలంటే ఆ కాగితం మీది నంబరు కావాలన్నాడు మెకానిక్. అక్కడ ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. కొత్తది కొనాలంటే ఎంతవుతుందో చెప్పి, నా మొహం చూసి, దొంగ కాపీ ఉంది, వేసెయ్యనా అన్నాడు. ఫోన్‌లో నాన్నని అడిగాను.

"కోర్టు గుమ్మం కాడ కూసోని దొంగ సొత్తుతోటి అర్జీలు కొట్టమంతావా?" అన్నాడు.

దాంతో డబ్బు కట్టక్కర్లేని లినక్స్ వేయించి తెచ్చాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏటని నాన్న అడిగాడు. కోర్టులో పేష్కారు లాంటిదన్నాను. జడ్జిగారి ముందుకు ఏ ఫైలు ముందు వెళ్లాలో, ఎవరు బయట ఆగాలో చూసేది పేష్కారే. కంప్యూటర్‌లో కీబోర్డూ, ప్రింటరూ, మనం కొట్టే అర్జీ, అన్నీ దాని చేతిమీదుగానే నడుస్తాయి. విండోస్ పేష్కారు తన రిజిస్టరు చూడనివ్వడు. లినక్స్ పేష్కారు రిజిస్టరు బల్లమీద తెరిచే ఉంటుంది. చదవొచ్చు, దిద్దుకోవచ్చు, ఇంకొకరికి నకలు ఇవ్వొచ్చు, నేరం కాదు. అందరూ దిద్దితే ఇంక పేష్కారెందుకని నాన్న నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. ఒక వరుస కొట్టేసరికి తెరమీద అక్షరాలు తారుమారయ్యాయి. ఆయన వేళ్లకు తెలిసింది పాత ఒడియా టైపుమిషన్ వరుస. విండోస్‌లో అదే ఉండేది, ఇందులో ఉన్నది వేరే. మూడు రోజులు కుస్తీ పట్టాడు. వచ్చినవాళ్లు కాసేపు చూసి పక్క దుకాణానికి వెళ్లిపోయేవారు. నాలుగోరోజు కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టేశాడు.

"ఈ వయసులో సేతి ఏళ్లకి కొత్తగా ఏటి నేర్పుతాను? రేపట్నుంచి నాను రాను. నువ్వే సూసుకో."

నాకు కోపమొచ్చింది, భయమూ వేసింది. కోర్టుకు సెలవులిస్తే మూడోరోజుకే మంచం దిగని మనిషి ఆయన. ఆ కుర్చీ లేకపోతే ఏమవుతాడో నాకు తెలుసు.

అప్పుడు నేను చెప్పిన మాటే నాకు గుర్తొచ్చింది, రిజిస్టరు తెరిచే ఉందని. ఏ మీటకి ఏ అక్షరమో రాసి ఉన్న ఫైలు వెతికి పట్టుకున్నాను. ఆదివారం నాన్నని బతిమాలి తీసుకొచ్చి, కళ్లు మూసుకోమన్నాను. ఉత్త బల్లమీద వేళ్లు ఆడిస్తూ, ఎడమ చిటికెన వేలికి ఇది, పైవరుసలో అది అని ఆయన చెబుతుంటే నేను ఫైల్లో దిద్దుతూ పోయాను. రెండుచోట్ల తప్పు కొడితే తిట్టాడు. ఒడియాలో హల్లుకి ఎడమపక్కన రాసే ఏకారం గుర్తు మాత్రం టైపుమిషన్లోలా హల్లుకి ముందు కాక తర్వాత కొట్టాల్సి వచ్చింది. గొణుక్కుంటూనే దానికి ఆయన సర్దుకున్నాడు. సాయంత్రానికి ఒక అర్జీ పూర్తిచేశాడు. హుమ్మ ఊరి ఉప్పుమడుల తగాదా కాగితాలు తీసి రెండోది మొదలుపెట్టాడు.

విశ్వకర్మ పూజనాడు కుంకుమ గిన్నె పట్టుకుని పెట్టె చుట్టూ వెతికాడు. మరకపడ్డ కాగితాన్ని నేను ఎప్పుడో పీకేశాను. కొత్త నంబరేదని అడిగాడు. దీనికి నంబరు ఉండదు నాన్నా, ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదన్నాను.

"ఎవులదీ కాకపోడమేటి? అచ్చరాలు నాను పెట్టినియ్యే."

వంగి కీబోర్డు అంచున బొట్టు పెట్టి, తన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.