కుంకుమ అద్దిన దస్తావేజు

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది మా ఆడబిడ్డ. మోండా మార్కెట్ నుంచి కూరగాయల సంచితో నేరుగా మా ఇంటికే వచ్చి, కూర్చోకముందే మొదలుపెట్టింది.

"వదినా, ఎరుకేనా? చిన్నొదిన ఇల్లు బ్యాంకుల పెట్టి లోన్ తీసుకుంది. వంటిల్లు మొత్తం కొత్తగ చేపిస్తదంట!"

చిన్నొదిన అంటే నా తోడికోడలు. మారేడ్‌పల్లిలో ఒకే ఇంటిని రెండు చేసుకుని, మధ్యలో ఒక్క గోడతో ఉంటున్నాం. పని అయ్యాక చూడ్డానికి పిలిచింది. నల్లరాతి గట్టు, వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు. "మస్తుంది చెల్లె" అన్నాను. దేవుడి దయ, నవ్వుతూనే అన్నాను. ఇంటికొచ్చి నా పాత గట్టు మీద పప్పు గిన్నె మాత్రం ఠంగుమని పెట్టాను. పూజలో కూర్చున్నా ఆ సొరుగులే కళ్ల ముందు.

"మనం గూడ ఇల్లు బ్యాంకుల పెడదాం" అన్నాను మా ఆయనతో.

"గా సొరుగుల కోసమా?" అని నవ్వారు. "ఇల్లు నీ పేర్న ఉన్నది, నీ ఇష్టం. కిస్తులు కట్టకపోతే మటుకు నీ దేవుడు రాడు, బ్యాంకోళ్లొస్తరు."

అయినా దస్తావేజు పట్టుకుని వెళ్లాం. బ్యాంకు లాయరమ్మ మొదటి పేజీలోనే ఆగిపోయింది.

"ఏందమ్మా గిది? వేలిముద్ర కనబడకుండ ఇంత కుంకుమ!"

ఏటా దీపావళికి లక్ష్మీపూజలో ఇంటి కాగితాలు పెట్టి పసుపు కుంకుమ అద్దడం మా అలవాటు. అదే చెప్పాను.

"మంచిగ పూజ చేసిన్రు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల నకలు తీస్కరండి, పనైతది."

ఇంటికొచ్చి పొడి దూదితో మెల్లగా తుడిచాను. ఎర్రటి మరక కింద నుంచి మా అత్తగారి బొటనవేలు బయటపడింది. ఆమెకు సంతకం రాదు. బడి మొహం చూడని నాకు మా నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలతో కూడబలుక్కుని చదివాను. కోడలికి ప్రేమాభిమానాలతో ఇస్తున్నానని ఉంది. ఇద్దరు కొడుకులుండగా చెరో సగం కోడళ్ల పేర రాయించింది ఆవిడ. "ఈ ఇంట్ల నుంచి మిమ్మల్ని ఎవ్వరు పొమ్మనొద్దు" అంది ఆ రోజు. ఆ ఎవ్వరిలో బ్యాంకు కూడా ఉంటుంది కదా అనిపించింది.

"నకలుకు రేపు పోదామా?" అన్నారు మా ఆయన.

వద్దన్నాను.

అసూయ పోయిందని చెప్పను. గోడ అవతల నుంచి తాలింపు వాసన వస్తే నా గరిటె ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. కానీ పడుకునే ముందు ఆవిడ ఇచ్చిన ఈ ఇంటి కప్పును చూసి దండం పెట్టుకుంటాను. మీరూ దీపం పెట్టేటప్పుడు, మా అత్తగారిని ఒకసారి తలుచుకోండి.