వంతెన మీద ఎక్కిళ్లు

మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కావాలంటే మా బావను అడగండి. ఆయన కూడా ఆ బండి మీదే ఉన్నాడు.

తొంభైల చివరి మాట. జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పాల కేంద్రాలు చూసే ఉద్యోగం నాది. చీకటితోనే మోటార్‌సైకిల్ తీయాలి. మెట్టలో చలి ఎముకల్లోకి దిగుతుంది. చొక్కాలో న్యూస్‌పేపర్లు పెట్టుకున్నా ఆగదు. నా అవస్థ చూసి తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒక చేతుల్లేని కోటు తయారుచేశాడు. నడుం నొప్పికి కాపడం పెట్టుకునే కరెంటు ప్యాడ్ ఉంటుందే, అలాంటి తీగను రెండు పొరల గుడ్డ మధ్య కుట్టించి, బండి బ్యాటరీకి కలిపాడు.

"వేడి కావాలంటే వెలుతురు తగ్గుద్దండి" అని ముందే చెప్పాడు. నిజమే. కోటు పనిచేసినంతసేపూ హెడ్‌లైటు పసుపుపచ్చగా మసకబారేది.

ఆ చలికాలంలో మా అక్కకు నెలలు నిండకుండానే ఇంట్లో కాన్పయింది. ఆడపిల్ల. పిడికెడంత ఉంది. ఊళ్లో డాక్టరు చూసి, "వెచ్చగా ఉంచే అద్దాల బాక్సులో పెట్టాలి. వెంటనే రాజమండ్రి తీసుకెళ్లండి. దారిలో చల్లబడిందా, దక్కదు" అన్నాడు.

జీపు దొరకలేదు. మొదటి బస్సుకు ఇంకా టైముంది.

"కోటు నువ్వేసుకోరా. బండి నేను నడుపుతా" అన్నాడు బావ.

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట తగలనివ్వరు కదా, మా అమ్మ తన పాత నేతచీరలో పాపను చుట్టింది. కోటు లోపల నా గుండెల మీద పెట్టి కట్టింది. అక్క మంచం మీంచి చూస్తూనే ఉంది.

బయలుదేరాం. కోటు మెల్లగా వెచ్చబడింది.

"ఎలా ఉందిరా?"

"వెచ్చగా ఉంది బావా."

కొయ్యలగూడెం... గోపాలపురం... దేవరపల్లి. ప్రతి ఊళ్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు.

"మేనమామ మీద ఉచ్చ పోసిందా?"

"ఇంకా మర్యాదగానే ఉంది బావా."

నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

కొవ్వూరు దగ్గర మంచు కమ్మేసింది. అడుగు దూరంలో ఏముందో తెలియడం లేదు. ఉన్నట్టుండి హెడ్‌లైటు తెల్లగా వెలిగింది. "హమ్మయ్య" అన్నాడు బావ. దారి కనిపించింది, అదే చాలనుకున్నాం. ఎందుకు వెలిగిందో ఇద్దరికీ తట్టలేదు.

రోడ్డు-రైలు వంతెన ఎక్కాం. కింద రైలు వెళ్తోంది. వంతెనంతా సన్నగా వణికింది. రైలు పోయింది... ఆ తర్వాత చప్పుడు లేదు. బండి శబ్దం కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది.

అప్పుడు...

"క్..."

చిన్న ఎక్కిలి. నా రొమ్ము మీద తగిలింది. ఆగింది.

మళ్లీ... "క్..."

తర్వాత వేళ్లు. చొక్కా బొత్తాల సందులోంచి దూరాయి. అగ్గిపుల్లలంత వేళ్లు... నా చర్మాన్ని పట్టుకున్నాయి. అవి చల్లగా లేవు. కాలుతున్నాయి. ఆ వేడి భుజాలకు పాకింది, చేతులకు పాకింది. ముఖం మీంచి మంచునీరు కారుతోంది. ఒంట్లో మాత్రం చలన్నది లేదు.

"బావా, ఎక్కిళ్లు పెడుతోంది!"

"పెట్టనీరా... ఎక్కిళ్లొస్తే పేగులు సాగుతాయంట. పెరుగుద్దిలే..."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చీర విప్పి చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది.

"బాగా ఆలస్యమైందండీ. ఒళ్లు బిగుసుకుపోయింది. పోయి చాలాసేపైంది."

"అదేంటండీ? ఇప్పుడే కదా, వంతెన మీద ఎక్కిళ్లు పెట్టింది!" అన్నాడు బావ.

నేను పాపను ముట్టుకున్నాను. గచ్చులా చల్లగా ఉంది. నా గుండెల మీద ఆ చోటు మాత్రం... ఇంకా వెచ్చగానే ఉంది.

బయటికొచ్చాక బావ అడిగాడు. "నన్ను ఊరుకోబెట్టడానికి అన్నావేంట్రా ఆ మాట?"

"కాదు బావా."

ఆయన నమ్మలేదు. బండి దగ్గరికెళ్లి సీటు కింద చూశాడు. కోటు ఫ్యూజు కాలిపోయి ఉంది. "కొవ్వూరులోనే పోయిందిరా కోటు. అందుకే లైటు పెరిగింది" అన్నాడు.

అంటే, వంతెన మీద నన్ను వెచ్చగా ఉంచింది కోటు కాదు. డాక్టరమ్మ మాట ప్రకారం పాప కూడా కాదు.

ఇంటికి చేరాం. నా చేతుల్లో మూట చూడగానే అక్కకు అర్థమైంది. ఏడవలేదు.

"దారిలో దానికి చలేసిందేంట్రా?"

"లేదక్కా."

"ఏడిచిందా?"

"లేదు... ఎక్కిళ్లు పెట్టింది."

బావ తల దించుకున్నాడు. అక్క కడుపు మీద చెయ్యి వేసుకుంది. "లోపలున్నప్పుడూ అంతేరా. రోజూ తెల్లారగట్ల ఎక్కిళ్లే" అంది. అప్పుడు ఏడ్చింది.

నేను అబద్ధం చెప్పలేదు. అదొక్కటీ గట్టిగా అనగలను. చెప్పింది నిజమేనా అంటే... ఏమో, ఇప్పటికీ తెలియదు.