సరోజ తెస్తానన్న ఎర్రాకు

జపాన్‌లోని పాత రాజధాని నారాలో, చలికి ఎర్రబడిన ఆకులు ఎక్కడ బాగుంటాయో మూడేళ్లుగా వెతికి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. గని ఆఫీసులో నా పక్క సీటు సరోజా నేనూ కలిసి వెళ్లాలని.

"ఇద్దరికీ ఒక్కసారే సెలవియ్యరే, వచ్చే ఏడు పోదాం" అంది. సరేనన్నాను. పోయిన వారం చెల్లెలి కాన్పని చెప్పి సెలవు పెట్టింది.

ఈ పొద్దున జూలూరుపాడు బస్సులో స్టేటస్ తెరిస్తే, ఎర్రటి చెట్ల కింద సరోజ, పక్కన వాళ్ల ఆడబిడ్డ! వెంటనే ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పినట్టే ఏడింటికే పోయినమే. గుడి ఎనక మెట్ల మీద ఒక్క మనిషి లేడు! ఫికర్ చెయ్యకు, నీకో ఆకు తెస్త."

తెస్తే తీసుకోవాలా వద్దా, మీరే చెప్పండి. మా ఇంటి వెనకంతా అడవే. ఆకు లేకనా నేను ఏడుస్తున్నది?